నువ్వుల్లో పూత ఆకులైపోతా ఉంది, ఏ మందు కొట్టాలి? అన్న ప్రశ్నకు జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న చదివినా, ఫోటోలు కూడా పెద్దవి చేసి చూసినా. మైదుకూరు పక్కన కేసీ కెనాల్ కింద వరి కోసినాక వేసిన వేసవి నువ్వులు, పూతకొచ్చే టైంకి అక్కడక్కడ మొక్కల్లో పూల బదులు పచ్చ ఆకుల గుత్తులు వస్తా ఉన్నాయి, కొస గుబురు కట్టింది, గట్టు మీద ఇంటికోసమని పెట్టిన వంగ మొక్కలు కూడా కొన్ని సన్నాకులేసి కాయ లేకుండా నిలబడినాయి, పక్క చేను ఆయన హార్మోన్ తేడా అన్నాడు, షాపులో మూడు బాటిళ్ళు చేతిలో పెట్టినారు, కొడితే మళ్ళీ పూలు వస్తాయా అని అడిగినావు.

ముందు సూటిగా చెప్పేస్తా. ఆకులైపోయిన మొక్క మళ్ళీ పూలు పూయదు. ఏ మందు కొట్టినా పూయదు. ఆ మొక్కను లెక్కలోంచి తీసేయ్. నువ్వు పెట్టే ఖర్చు ఏదైనా సరే ఇంకా బాగున్న మొక్కల కోసం పెట్టాల, అది కూడా అవసరం ఉంటేనే. ఇది అర్థమైతే సగం డబ్బులు మిగిలినట్టే, ఎందుకంటే మన దిక్కున ఈ రకం రోగాలకు రైతులు పోగొట్టుకునే డబ్బు ఎక్కువ భాగం చచ్చిన మొక్కను లేపేకి పోతా ఉంది.

నీ ఫోటోలో ఉన్నది నువ్వుల వెర్రి తెగులే, పుస్తకాల్లో ఫిల్లోడి అంటారు. అయినా ఫోటో చూసి చెప్పిన మాట మీద ఆధారపడొద్దు, పొద్దున్నే చేనికి పోయి ఒక పువ్వు తెంపి గోరుతో చీల్చి చూడు. మామూలు నువ్వు పువ్వు తెల్లగానో లేత ఊదాగానో గొట్టం మాదిరి ఉంటాది కదా, రోగం తగిలిన పువ్వులో రేకులు పచ్చగా ఈనెలతో ఉంటాయి, కేసరాల చోట కూడా చిన్న చిన్న ఆకులే ఉంటాయి, మధ్యలో కాయ కావాల్సింది లావుగా ఉబ్బి లోపల గింజ బదులు మళ్ళీ చిగురు ఉంటాది. ఒక్కోసారి మొక్క కింద సగం మంచి కాయలుంటాయి, పైన సగం ఆకుల గుత్తి. అట్లున్నాయంటే కింద కాయలు పట్టినాక రోగం బయట పడింది అని అర్థం. కింద కాయల్లో గింజ తినేకి, అమ్మేకి ఏం ఇబ్బంది లేదు, ఈ రోగంతో మనిషికి గానీ గొడ్డుకు గానీ ఏం కాదు.

ఇది ఎందుకొస్తాదో కొంచెం వివరంగా చెప్పాల, ఎందుకంటే కారణం తెలిస్తే ఏ బాటిల్ పనికొస్తాది ఏది పనికిరాదు అనేది నీకే తెలిసిపోతాది. ఇది బూజు కాదు, వైరస్ కూడా కాదు. ఫైటోప్లాస్మా అని బ్యాక్టీరియా జాతిదే, కాకపోతే చుట్టూ గోడ లేని బ్యాక్టీరియా. మొక్కలో తీపి రసం పారే నాళాల్లోనే బతుకుతాది. 1967 దాకా ప్రపంచమంతా ఇవన్నీ వైరస్ రోగాలే అనుకున్నారు, ఆ ఏడు జపాన్‌లో మల్బరీ గిడసబారే రోగం మీద పని చేసే సైంటిస్టులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో దీన్ని చూసినారు, టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ పెడితే రోగ లక్షణాలు తగ్గుతాయని కూడా వాళ్ళే చూపించినారు. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో జాన్ ఇన్నెస్ సెంటర్ వాళ్ళు ఇంకా లోతుగా పోయి పూలు ఆకులు ఎట్లా అయితాయో కనుక్కున్నారు. ప్రతి మొక్కలో ఇక్కడ రేకు రావాల, ఇక్కడ కేసరం రావాల అని నడిపించే ప్రొటీన్లు కొన్ని ఉంటాయి. ఈ సూక్ష్మజీవి శాప్-54 అనే ఒక ప్రొటీన్‌ను వదిలి వాటిని విరగ్గొట్టిస్తాది, అవి లేకపోతే మొక్కకు పువ్వు కట్టేది తెలీదు, ఆకులే వేస్తాది. శాప్-11 అని ఇంకోటి ఉంది, అది కొమ్మలు అదుపు లేకుండా పుట్టేట్టు చేస్తాది, నువ్వు చెప్పిన గుబురు అట్లా వచ్చేదే. అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఏందంటే, శాప్-54 ఉన్న మొక్కల మీదికే పచ్చదోమ ఎక్కువగా వాలుతాది అని కూడా వాళ్ళు తేల్చినారు. అంటే ఆ మొక్క ఇంక నీ పంట కాదు, కాకి గూట్లో కోకిల గుడ్డు మాదిరి, నీ ఎరువు నీ నీళ్ళు తాగి రోగాన్నీ దాన్ని మోసే పురుగునూ సాకుతా ఉంటాది. పచ్చగా ఉంది కదా, ఉండనీలే అని వదిలేయొద్దు అనేది అందుకే.

నువ్వుల్లో దీన్ని మోసేది పచ్చదోమ జాతి పురుగు, మనవాళ్ళు దీపపు పురుగు అంటారు, ఒరోసియస్ అనేది దాని శాస్త్రీయ పేరు. రోగం ఉన్న మొక్క రసం పీల్చినప్పుడు సూక్ష్మజీవి పురుగు కడుపులోకి పోతాది, అక్కడ రెండు మూడు వారాలు పెరిగి ఎంగిలి దాకా వస్తాది, ఇంక ఆ పురుగు చచ్చేదాకా తాకిన ప్రతి మొక్కకూ అంటిస్తాది. మొక్కలో కూడా అంతే, కుట్టినాక లక్షణం బయట పడేకి కొన్ని వారాలు పడతాది. అందుకని ఈ రోజు నీకు కనపడే ఆకుల గుత్తి ఈ రోజుది కాదు, దాదాపు నెల కిందట, మొక్క జానెడు ఉన్నప్పుడు జరిగిన పని. అప్పుడు చేనులో దీపపు పురుగులు ఉండాయా అని మనం చూడం, పూత వచ్చినాక చూసి పరిగెత్తుతాం. నాకు ఈ విషయంలోనే చానా బాధ కలుగుతాది, పదిహేను ఇరవై రోజుల పైరులో సాయంత్రం పూట ఒకసారి నడిచి మొక్కలు తట్టి ఎన్ని పురుగులు ఎగురుతాయో చూసుకుంటే, అప్పుడు కొట్టే ఒక్క మందు పూతలో కొట్టే నాలుగు మందులకన్నా ఎక్కువ పని చేస్తాది.

ఇప్పుడు నీ చేను సంగతి. వెర్రి మొక్కలు అక్కడక్కడ ఉన్నాయి అన్నావు కాబట్టి వాటన్నిటినీ వేర్లతో పీకించు, పీకే ముందు మొక్కను గట్టిగా ఊపొద్దు, దాని మీద పురుగులు లేచి పక్క మొక్క మీద వాలతాయి. పీకినవి గట్టు మీద పడేయొద్దు, చేను బయటికి మోసి కాల్చేయండి లేదా పూడ్చేయండి. పచ్చదోమ ఇప్పటికీ కనపడితే డైమిథోయేట్ లీటరుకు 2 మి.లీ., లేదంటే ఇమిడాక్లోప్రిడ్ లీటరుకు 0.3 మి.లీ., ఏదో ఒకటే, రెండూ కలపొద్దు. కానీ ఒక్క మాట, నీది ఇప్పుడు పూత మీదుంది, నువ్వు పూలకు తేనెటీగలు బాగా వస్తాయి, గింజ పట్టేకి అవి చానా సాయం చేస్తాయి, కాబట్టి పురుగు నిజంగా ఉంటేనే కొట్టు, అది కూడా పొద్దు వాలినాక, తేనెటీగలు పోయినాక కొట్టు. పురుగు లేకుండా రోగం మొక్కలు మాత్రమే ఉంటే పీకేది తప్ప వేరే పని లేదు. సగం చేను పైన వెర్రి ఎత్తిపోయి ఉంటే మటుకు పీకుడు కూలీ కూడా గిట్టదు, కాయ పట్టిన మొక్కలు కోసుకుని మిగతాది రోటవేటర్ వేసి కలిపేసేయ్ అని నేను చెప్తా.

నీకిచ్చిన మూడు బాటిళ్ళలో ఫోటోలో నాకు లేబుల్ కనపడింది ఒకటి ఫంగిసైడ్, ఇంకోటి ఏదో టానిక్. ఇది బూజు కాదు కాబట్టి ఫంగిసైడ్‌కు ఇక్కడ పని లేదు. టానిక్ వేస్తే ఆకుల గుత్తి ఇంకా ఏపుగా వస్తాదేమో గానీ పువ్వు రాదు. సీల్ తీయకుండా ఉంటే వాపస్ ఇచ్చేయ్, మొహమాటపడొద్దు. టెట్రాసైక్లిన్ పని చేస్తాదంట కదా అని కింద కామెంట్లలో ఒకరు అడిగినారు. పెట్టినన్నాళ్ళు లక్షణాలు అణుగుతాయి, ఆపినాక మళ్ళీ తిరగబెడతాయి, ఎకరాల లెక్కన నువ్వు చేనుకు అది కుదిరే పని కాదు. అన్నిటికన్నా ముఖ్యం, అవి మనుషులకు జబ్బు చేస్తే వాడే మందులు, పొలంలో చల్లి వాటి పదును పోగొట్టుకోవద్దు.

పక్క చేను ఆయన హార్మోన్ అన్నాడు కదా, ఆ మాటను కొట్టిపారేయొద్దు, ఎందుకంటే మన కెనాల్ కింద అది నిజంగానే జరుగుతా ఉంటాది. వరిలో, జొన్నలో, మొక్కజొన్నలో వెడల్పాకు కలుపుకు 2,4-డి కొడతారు, అది మొక్క హార్మోన్ లాంటిదే. గాలికి కొట్టుకొచ్చినా, ఆ ట్యాంక్ సరిగా కడక్కుండా దాంట్లోనే పురుగుమందు కలిపి మన పైరుకు కొట్టినా, పత్తి ఆకు బెండాకు మాదిరి చీలిపోయి సన్నగా వస్తాది, టమాటా కొసలు మెలికలు తిరుగుతాయి, కాడలు వంకర పోతాయి. తేడా ఎట్లా కనుక్కోవాలంటే మొక్కను కాదు, చేనును చూడాల. పురుగు తెచ్చిన రోగం చేనంతా చెల్లాచెదురుగా ఉంటాది, రోగం మొక్క పక్కనే నిక్షేపంగా ఉన్న మొక్క ఉంటాది. 2,4-డి అయితే ఒక దిక్కు, గాలి వచ్చిన దిక్కు సాళ్ళన్నీ ఒకేసారి, దాదాపు ఒకే రోజు తేడా పడతాయి, లోపలికి పోయేకొద్దీ తగ్గుతా పోతాది, కొత్తగా వచ్చే చిగురు కొన్నాళ్ళకు మామూలైపోతాది. మొత్తం చేను ఒకే మాదిరి సన్నాకు వేసిందంటే భూమిలో జింక్ గానీ బోరాన్ గానీ తక్కువేమో చూడాల, మన చీనీ (బత్తాయి) తోటల్లో జింక్ లోపానికి ఆకులు చిన్నవై ఈనెల మధ్య పసుపు కట్టేది తోట ఉన్నవాళ్ళకు తెలిసిందే. ఇట్లా చేను గట్టు మీద నిలబడి చూసేది పదినిమిషాల పని, దానికి ఖర్చేం లేదు.

గట్టు మీద వంగ మొక్కలది కూడా ఫైటోప్లాస్మానే, దాన్ని సన్నాకు తెగులు, వెర్రి తెగులు అంటారు. ఆకులు చిన్నవై, మెత్తగా, కణుపులు దగ్గర పడి గుబురైతాయి, పూసినా పువ్వు పచ్చగా ఉంటాది. కానీ అక్కడినుంచే నువ్వులకు వచ్చింది అని అనుకోవద్దు, వంగలో దీన్ని ఎక్కువగా మోసేది వేరే దీపపు పురుగు, ఫైటోప్లాస్మా రకం కూడా ఎక్కువసార్లు వేరేగానే ఉంటాది. అయినా పీకేయ్. ఒక్క కాయ కూడా రాని మొక్క గట్టు మీద ఎందుకు. బిళ్ళగన్నేరు ఇంటి ముందర ఉంటే దాన్ని కూడా ఒకసారి చూడండి, పూలు పచ్చబడి ఆకు సన్నగా అయిందంటే చుట్టుపక్కల ఈ రోగం తిరుగుతా ఉందని గుర్తు. ఫైటోప్లాస్మాకు అది బాగా లొంగుతాది కాబట్టే ల్యాబుల్లో దాన్నే పెంచి, బంగారు తీగ అనే పరాన్న మొక్కను అల్లించి ఒక మొక్కలోంచి ఇంకో మొక్కకు రోగం ఎక్కించి చదువుతారు.

కింద ఇంకా ఇద్దరు ముగ్గురు తమ పైర్ల గురించి అడిగినారు, వాటికి కూడా ఇక్కడే చెప్తా, ఎందుకంటే మన దిక్కున పూత రాకపోయినా కొస గుబురైనా అన్నిటినీ వెర్రి తెగులు అనేస్తారు, షాపులో ఆ పేరు చెప్తే ఒకే మందు ఇస్తారు, లోపల రోగాలు మటుకు వేరే వేరే.

ఆలూరు దిక్కు అన్న కంది గురించి అడిగినారు, చెట్టు పచ్చగా ఏపుగా ఉంది, పక్కవి కాయ పట్టినాయి, ఇది పూతే పెట్టలేదు అని. అన్నా, అది గొడ్డుమోతు తెగులు, వైరస్. ఆకులు చిన్నవై లేత, ముదురు పచ్చ మచ్చలు మచ్చలుగా ఉంటాయి చూడండి. దీన్ని 1931లో బీహార్‌లో పూసా దగ్గర మొదట గుర్తించినారు, వైరస్ ఏదో పట్టుకునేకి 2000 దాకా పట్టింది, హైదరాబాద్ పక్కన ఇక్రిశాట్ అనే పరిశోధన సంస్థ వాళ్ళ పని అది. మోసేది దోమ కాదు, నల్లి, 0.2 మిల్లీమీటర్లు ఉంటాది, కంటికి కనపడదు, గాలికి కొట్టుకుపోతాది. నెలన్నర లోపల తగిలితే ఆ చెట్టు పూర్తిగా గొడ్డుపోతాది, తర్వాత తగిలితే ఒకటి రెండు కొమ్మలే పోతాయి. ఇది విత్తనంతో రాదు. పోయినేడు కంది మోళ్ళు, పెరట్లో రెండేళ్ళు మూడేళ్ళు ఉంచుకున్న కంది చెట్లు, అక్కడే నల్లి దాక్కుంటాది, తొలకరికి ముందే అవి తీసేయాల. మొదట్లోనే కనపడితే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కొట్టండి. ఈ తెగులు ఏటా వచ్చే ఊరైతే తట్టుకునే రకం వేసేది ఒక్కటే దారి, ఆశ అంటారు చూడండి, ఐసీపీఎల్ 87119, అది ఎండు తెగులుకు కూడా తట్టుకుంటాది.

కొర్ర, సజ్జలో కంకి గింజ బదులు పచ్చ ఆకులు, కుచ్చులు వేస్తే అది ఇంకో కథ. అది బూజు జాతి, వెర్రి కంకి తెగులు. పొద్దున మంచు ఉండగానే ఆకు అడుగున చూస్తే తెల్లటి బూజు పట్టి ఉంటాది. దీనికి పురుగుతో సంబంధమే లేదు, పచ్చదోమ మందు కొడితే నేల పాలే. ఈ బూజు గింజలు భూమిలో ఏండ్లు బతుకుతాయి, విత్తనంతో పాటు కూడా వస్తాయి. 1971లో హెచ్‌బీ-3 అనే హైబ్రిడ్ సజ్జ ఈ తెగులుకే దేశంలో చానా చోట్ల దెబ్బతినింది. మెటలాక్సిల్ 35 శాతం పొడి కిలో విత్తనానికి 6 గ్రాములు పట్టించి వేయాల, ఒకే చేనులో ఏటా అదే పైరు వేయకూడదు. వెర్రి కంకులు ఎండి రాలకముందే కోసి కాల్చండి, పేడదిబ్బలో వేయొద్దండి, తిరిగి ఎరువుతో చేనుకే వస్తాది.

బనగానపల్లె దగ్గర మామిడి తోట ఉన్న తమ్ముడు పూగుత్తి కాలిఫ్లవర్ మాదిరి ముద్దగా వచ్చింది, కాయ నిలబడలేదు అన్నాడు. అది మామిడి వికృతి, ఫ్యుజేరియం అనే శిలీంధ్రం. 1891లో దర్భంగాలో మొదట కనపడింది, చలి ఎక్కువుండే ఉత్తరాదిలోనే దీని జోరు, మన దిక్కు అంత లేదు. అయినా బయటినుంచి తెచ్చిన అంట్లతో వస్తాది. నర్సరీలో అంటు కొనేటప్పుడు కొసలో పొట్టి పొట్టి చిగుళ్ళు ఒకే చోట గుత్తిగా ఉంటే ఆ మొక్క తీసుకోవద్దు. తోటలో కనపడితే ముద్దకు జానెడు కింద మంచి కొమ్మతో సహా కోసి కాల్చు, కత్తెరను ఒక్కో చెట్టు తర్వాత స్పిరిట్‌తో తుడువు. వదిలేస్తే ఆ ముద్ద నల్లగా ఎండి నెలల తరబడి చెట్టుకే వేలాడి పక్క కొమ్మలకు అంటిస్తాది.

మిరపలో కొస ముడుచుకునేదానికి ఇక్కడ విడిగా రాయను, అది పెద్ద సబ్జెక్టు, ఆకు అంచులు పైకి లేస్తే తామర పురుగు, కిందికి ముడిచి కాడ సాగితే నల్లి, అంతవరకు గుర్తు పెట్టుకోండి చాలు, రెండిటికీ మందులు వేరే.

గట్ల సంగతి మటుకు చెప్పాల. 2000లో అనంతపురం జిల్లాలో శెనక్కాయ కొసలు మాడి చచ్చిపోయినాయి, సుమారు 2.25 లక్షల హెక్టార్లు, 300 కోట్ల పైన నష్టం అన్నారు. మొదట మొవ్వు కుళ్ళు అనుకున్నారు, చివరికి టొబాకో స్ట్రీక్ వైరస్ అని తేలింది. అది ఎక్కడ దాక్కుని ఉండిందో తెలుసా, గట్ల మీద, రోడ్ల పక్కన వయ్యారిభామలో. ఆ మొక్కలో రోగం పైకి కనపడదు, దాని పుప్పొడి ఒళ్ళంతా పూసుకున్న తామర పురుగులు చేనులో వాలితే చాలు. ఆ ఏడు చూసినవాళ్ళెవరూ గట్టు మీద కలుపును తేలిగ్గా తీసుకోరు. నీ నువ్వు చేనుకూ అదే వర్తిస్తాది, గట్టు మీద సన్నాకులేసి పూలు పచ్చబడిన కలుపు మొక్క ఏది కనపడినా పీకేయ్.

ఇంకొక మాట, కోడిజుట్టు పూలు చూసి అది కూడా వైరసేనా అని ఎవరో అడిగినారు. కాదమ్మా, కొస బల్లపరుపుగా సాగేది ఆ పువ్వుకు పుట్టుకతో వచ్చిన గుణం, విత్తనంతోనే వస్తాది. పొద్దుతిరుగుడులో కూడా అప్పుడప్పుడు రెండు పూలు అతుక్కుని కాడ వెడల్పుగా వస్తాది, చేనులో ఒకటో రెండో ఉంటే భయపడే పనిలేదు.

చివరిగా నువ్వు అడిగింది, వచ్చే ఏడు అదే చేనులో నువ్వులు వేయొచ్చా అని. వేయొచ్చు. ఫైటోప్లాస్మా భూమిలో బతకదు, విత్తనంతో రాదు, బతికున్న మొక్కలోనో పురుగులోనో ఉండాల్సిందే. కాబట్టి వేసే ముందు చేనులో తానంతటానే మొలిచిన నువ్వు మొక్కలు, గట్టు మీద పాత వంగ, కలుపు లేకుండా చూసుకో. పక్కన ముందే వేసి ముదిరిన నువ్వు చేను ఉంటే దాని పక్కన లేత పైరు పెట్టొద్దు, ఊర్లో కూడబలుక్కుని అందరూ ఒకే వారంలో వేస్తే చానా మేలు. ఖరీఫ్‌లో వేస్తే 6 సాళ్ళ నువ్వులకు 1 సాలు కంది పెట్టుకోమని చెప్తారు, అట్ల పెడితే తెగులు తగ్గుతాదని. విత్తనం మటుకు రోగం లేని మొక్కల్లోంచే తీసి పెట్టుకో.

అనుమానం తీరకపోతే ఒక వెర్రి మొక్క, ఒక మంచి మొక్క రెండూ వేర్లతో పీకి న్యూస్‌పేపర్లో చుట్టి (ప్లాస్టిక్ కవర్లో వేయొద్దు, ఉడికిపోతాయి) ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రానికి ఆ రోజే తీసుకుపో, దూరమైతే ముందు మీ ఊరి రైతు సేవా కేంద్రంలో చూపించు. ఇక్కడ మళ్ళీ ఫోటో పెట్టేటట్లుంటే మూడు పెట్టు, చీల్చిన పువ్వు దగ్గరనుంచి ఒకటి, ఆకు అడుగు భాగం ఒకటి, గట్టు మీద నిలబడి చేనంతా కనపడేట్టు ఒకటి. విత్తిన తేదీ కూడా రాయి.